కరోనా టీకా వేరు, నెమ్ము టీకా వేరు



ఈ పాఠంలో ఒక అత్తగారు ఉన్నారు. ఒక కోడలు ఉంది. ఒక పసిపాప ఉంది. వాళ్ల పేర్లు మనకి అక్కర్లేదు. ఇలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఇది కథ. కానీ ఇందులో చెప్పిన జబ్బు నిజం. టీకా నిజం. లెక్కలు నిజం. నెమ్మదిగా చదవండి. చదవడం రాని పక్కింటామెకి చదివి వినిపించండి.

1. మూడు సూదులు

అది 2021 డిసెంబరు నెల. కార్తీకమాసం అప్పుడే వెళ్లింది. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి గుడి దగ్గర జనం పలచబడ్డారు. కరోనా మాత్రం ఇంకా పోలేదు.

గుడికి కాస్త దూరంలో ఒక వీధి. ఆ వీధిలో ఒక ఇల్లు. ఆ ఇంటి కోడలు చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్లయ్యాక చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదవగలదు. గడియారం చూడగలదు. ఆమె ఒళ్లో ఆరు వారాల పాప.

బుధవారం పొద్దున్నే ఆశా కార్యకర్త వచ్చింది.

"వదినా, ఇవాళ అంగన్‌వాడీ దగ్గర టీకాలు వేస్తారు. పాపకి ఆరు వారాలు నిండాయి. కార్డు పట్టుకుని రా" అంది.

కోడలు పాపని ఎత్తుకుంది. అత్తగారు కూడా బయలుదేరింది. ఇద్దరూ మాస్కులు పెట్టుకున్నారు.

నర్సమ్మ ముందు పాప నోట్లో రెండు రకాల చుక్కలు వేసింది. తరవాత సూదులు తీసింది.

"మూడు ఇంజెక్షన్లు ఉన్నాయమ్మా. ఎడమ తొడకి ఒకటి. కుడి చేతికి ఒకటి. కుడి తొడకి ఒకటి" అంది.

అత్తగారి గుండె గుభేలుమంది.

"మూడా! నా పెద్ద మనవడికి రెండే వేశారు కదమ్మా. ఈ మూడోది ఎక్కడిది? కరోనా సూదేనా? నేను రెండుసార్లు వేయించుకున్నాను. అది చాలదా? ఈ పసిగుడ్డుకి కూడా పొడుస్తారా? వద్దు. పద అమ్మాయ్, ఇంటికి పోదాం" అంది.

కోడలికి ఏం చెయ్యాలో తోచలేదు. చేతిలో కార్డు ఉంది. దాన్ని చూసింది. ఆరు వారాల దగ్గర "పి.సి.వి." అని ఉంది. ఎదురుగా గడి ఖాళీగా ఉంది. "కరోనా" అన్న మాట ఎక్కడా లేదు.

"నర్సమ్మగారూ, పి.సి.వి. అంటే ఏంటండీ?" అని అడిగింది.

2. రెండు జబ్బులు, రెండు టీకాలు

నర్సమ్మ సూది పక్కన పెట్టింది.

"మంచి మాట అడిగావమ్మా. మామ్మగారూ, మీరూ కూర్చోండి. ఇది కరోనా టీకా కాదండీ. మన దేశంలో ఇంత పసిపిల్లలకి కరోనా టీకా వెయ్యడం లేదు. ఇది నెమ్ము టీకా. నెమ్ము అంటే న్యుమోనియా. ఊపిరితిత్తుల్లోకి క్రిమి చేరి చీము పడుతుంది. పిల్లలకి ఊపిరి ఆడదు."

"నెమ్ము నాకు తెలీదా అమ్మా! అది ఎప్పటినించో ఉన్నదే. దానికి కూడా సూది వచ్చిందా?"

"వచ్చిందండీ. 2017లో మన ప్రభుత్వం ఈ టీకాని హిమాచల్ ప్రదేశ్‌లోనూ, బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని జిల్లాల్లోనూ మొదలుపెట్టింది. మన రాష్ట్రానికి ఈ 2021లో వచ్చింది. అందుకే మీ పెద్ద మనవడికి లేదు. బయట కొనాలంటే విదేశీ టీకా ఒక్క డోసుకే మూడు వేలు దాటుతుంది. ఇక్కడ పైసా అక్కర్లేదు. ఇప్పుడు ఈ టీకా మన దేశంలోనే, పూణేలో కూడా తయారవుతోంది."

"మరి ఇది వేస్తే కరోనా రాదా?"

"అలా అనుకోకూడదండీ. ఈ టీకా కరోనాని ఆపదు. కరోనా టీకా నెమ్ముని ఆపదు. నెమ్ము టీకా కరోనాని ఆపదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ఒక తాళంచెవి ఒక తాళానికే పనిచేస్తుంది. ఇంటికి రెండు తలుపులు ఉంటే రెండూ వేసుకోవాలి కదండీ."

3. ఆ క్రిమి ఎక్కడ ఉంటుంది?

నెమ్ము చాలా క్రిముల వల్ల వస్తుంది. వాటిల్లో ముఖ్యమైన దాని పేరు న్యుమోకాకస్. దీన్ని 1881లో కనిపెట్టారు. ఇది ఎక్కడో అడవిలో ఉండదు. మన ముక్కులో, గొంతులో ఉంటుంది. ఆడుకునే పిల్లల ముక్కుల్లో ఎక్కువగా ఉంటుంది. చాలామందికి ఏమీ చెయ్యదు. ఊరికే ఉంటుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఒకరి నుంచి ఒకరికి పోతుంది.

ఒంట్లో శక్తి తగ్గితే అదే క్రిమి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఒక్కోసారి రక్తంలోకి పోతుంది. మెదడు పొరలకి కూడా పాకుతుంది. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. పసిపిల్లలకీ, ముసలివాళ్లకీ ఈ భయం ఎక్కువ.

2018లో ప్రపంచం మొత్తం మీద ఐదేళ్ల లోపు పిల్లలు 8 లక్షల మందికి పైగా న్యుమోనియాతో చనిపోయారు. మన దేశంలోనే సుమారు 1 లక్షా 27 వేల మంది పోయారు. ఇది కరోనా రాకముందు లెక్క. అంటే ఈ జబ్బు కరోనా కంటే ముందే మన ఇళ్లలో ఉంది.

ఈ క్రిమి తన ఒంటి చుట్టూ చక్కెర వంటి పదార్థంతో ఒక పొర కప్పుకుని ఉంటుంది. పసిపిల్లల ఒళ్లు ఆ పొరని శత్రువని గుర్తుపట్టలేదు. టీకాలో ఆ పొర ముక్కల్ని ఒక మాంసకృత్తుకి అతికిస్తారు. అప్పుడు పాప ఒళ్లు గుర్తుపడుతుంది. ఎదిరించడం నేర్చుకుంటుంది. టీకాలో బతికున్న క్రిమి ఉండదు. అందుకే టీకా వల్ల నెమ్ము రాదు.

4. వరద, గట్టు

"కరోనా రోజుల్లో కరోనా సంగతి చూసుకోవాలి గానీ, నెమ్ము సంగతి ఇప్పుడెందుకు?" అని మీరు అడగవచ్చు. అత్తగారు కూడా అదే అడిగింది.

మనం గోదావరి వాళ్లం. మనకి ఏటిగట్టు తెలుసు. గట్టులో ఎలక బొక్క ఉంటుంది. ఎండాకాలంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. వరద వచ్చినప్పుడు ఆ బొక్క దగ్గరే గండి పడుతుంది.

ఊపిరి జబ్బులు కూడా అంతే. ఫ్లూ వంటి వైరస్ గొంతు లోపలి, ఊపిరితిత్తుల లోపలి పొరని పాడుచేస్తుంది. అది వరద. అప్పటిదాకా ముక్కులో ఊరికే ఉన్న క్రిమి ఆ దెబ్బ తిన్న చోట లోపలికి దిగుతుంది. అది గండి.

ఇలా ఒకసారి చాలా పెద్ద ఎత్తున జరిగింది. 1918లో ప్రపంచమంతా ఫ్లూ జ్వరం వచ్చింది. మన దేశంలో అది ముందు బొంబాయిలో కనిపించింది. తరవాత దేశమంతా పాకింది. ఒక్క మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. 2008లో అమెరికా శాస్త్రవేత్తలు, ఆనాడు చనిపోయిన కొందరి ఊపిరితిత్తుల ముక్కల్ని మళ్లీ పరీక్ష చేశారు. అవి అన్నేళ్లుగా దాచి ఉంచినవి. ఏం తెలిసింది? వైరస్ ఒక్కటే కాదు, దాని వెనకాల వచ్చిన న్యుమోనియా క్రిములు కూడా ఆ చావులకి కారణం. అప్పట్లో ఈ టీకాలు లేవు. మందులూ లేవు.

కరోనాలో ఇలా రెండో క్రిమి సోకడం ఫ్లూలో కంటే తక్కువే కనిపించింది. కానీ రెండూ కలిసి సోకిన వాళ్లకి ప్రమాదం ఎక్కువయింది.

ఇంకో సంగతి ఉంది. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ పెట్టారు. అందరూ ఇళ్లలో ఉన్నారు. మాస్కులు పెట్టుకున్నారు. అందువల్ల చాలా దేశాల్లో న్యుమోకాకస్ జబ్బులు కూడా తగ్గాయి. అంతలో జనం బయటికి వచ్చారు. పిల్లలు మళ్లీ కలిసి ఆడుకున్నారు. కొన్ని దేశాల్లో ఆ జబ్బులు మళ్లీ పెరిగాయి. క్రిమి ఎక్కడికీ పోలేదు.

కానీ ఆ రోజుల్లో చాలామంది పిల్లలకి టీకాలు తప్పిపోయాయి. 2020లో ప్రపంచంలో 2 కోట్ల 30 లక్షల మంది పిల్లలకి మామూలు టీకాలు పూర్తిగా అందలేదు. తల్లులు భయపడి ఇళ్లలో ఉండిపోయారు. కరోనాకి భయపడి పాత జబ్బులకి తలుపు తెరిచినట్టయింది.

5. అత్తగారి మాట

నర్సమ్మ చెప్పింది అంతా అత్తగారు విన్నది. కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా అంది.

"నాకు ముగ్గురు పిల్లలు అంటారు అందరూ. నలుగురమ్మా. రెండోది ఆడపిల్ల. ఐదో నెలలో పోయింది. జలుబే అనుకున్నాను. రెండో రోజు డొక్కలు ఎగరేసింది. పాలు తాగలేదు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. పొట్ట మీద వాతలు పెట్టారు. తెల్లారేసరికి లేదు. అది నెమ్మేనా అమ్మా?"

నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"డొక్కలు ఎగరేసిందంటే నెమ్మే అయ్యుంటుందండీ. అది మీ తప్పు కాదు. అప్పుడు మీకు చెప్పినవాళ్లు లేరు."

అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది. మనవరాలి కుడి కాలు తనే పట్టుకుంది.

"వెయ్యమ్మా" అంది.

పాప గుక్కపెట్టి ఏడ్చింది. కోడలు రొమ్ముకి పట్టింది. ఏడుపు ఆగింది.

"అరగంట ఇక్కడే కూర్చోండి. రేపటిదాకా కాస్త జ్వరం రావచ్చు. సూది వేసిన చోట ఎర్రబడవచ్చు, వాయవచ్చు. భయం లేదు. అక్కడ రుద్దకండి. పసుపు పెట్టకండి. జ్వరానికి నేను చెప్పిన మందే, చెప్పినంతే వెయ్యండి. పాలు మానకండి" అని నర్సమ్మ చెప్పింది. కార్డు మీద తేదీ రాసింది.

6. ఆ రాత్రి

2022 జనవరి వచ్చింది. పది వారాల టీకాలు సంక్రాంతికి ముందే వేయించారు. పండగ వెళ్లాక కరోనా మళ్లీ విజృంభించింది. కోడలి భర్తకి జ్వరం వచ్చింది. పరీక్ష చేస్తే కరోనా అన్నారు. ఆయన వేరే గదిలో ఉన్నాడు. ఇంట్లోవాళ్లు ఎవరూ గడప దాటలేదు.

ఫిబ్రవరి 2న పాపకి పద్నాలుగు వారాల టీకాలు వెయ్యాలి. ఆ బుధవారం వెళ్లలేకపోయారు.

తరవాత నాలుగు రోజులకి పాపకి జలుబు చేసింది. దగ్గు పట్టుకుంది. రాత్రి పదింటికి ఊపిరి గబగబా తీస్తోంది. అత్తగారు నిద్రపోలేదు. పాత రాత్రి గుర్తొచ్చింది.

"అమ్మాయ్, గడియారం తే. నర్సమ్మ చెప్పింది గుర్తుందా? పాప కదలకుండా ఉన్నప్పుడు ఒక్క నిమిషం లెక్కపెట్టాలి. నువ్వు ముల్లు చూడు. నేను లెక్కపెడతాను."

కోడలు దీపం దగ్గర గడియారం పట్టుకుంది. అత్తగారు పాప చొక్కా పైకెత్తింది. పొట్ట పైకి లేచినప్పుడల్లా ఒకటి లెక్క. నిమిషం అయ్యేసరికి 56 వచ్చింది. మళ్లీ లెక్కపెట్టారు. 57 వచ్చింది.

"యాభై దాటింది. తెల్లారేదాకా ఆగొద్దు" అంది అత్తగారు.

అందరూ మాస్కులు పెట్టుకున్నారు. ఆటోలో రామచంద్రపురం పెద్దాసుపత్రికి వెళ్లారు. ఇంట్లో కరోనా వచ్చిందన్న మాట దాచకుండా డాక్టరుతో చెప్పారు. డాక్టరు పాపకి కరోనా పరీక్ష చేయించారు. లేదని తేలింది. పాప పాలు తాగుతోంది. డొక్కలు ఎగరెయ్యడం లేదు. అయినా నెమ్ము మొదలైందని చెప్పారు. మందు ఇచ్చారు.

"తొందరగా తెచ్చారు. మంచిపని చేశారు. మందు మధ్యలో మానకండి. రెండు రోజుల్లో మళ్లీ చూపించండి" అన్నారు.

కోడలికి ఒక అనుమానం వచ్చింది. "టీకా వేయించాం కదండీ. మరి నెమ్ము ఎందుకు వచ్చింది?"

"టీకా అన్ని క్రిములకీ పనిచెయ్యదమ్మా. న్యుమోకాకస్‌లోనే వందకి పైగా రకాలు ఉన్నాయి. పిల్లల్ని ఎక్కువగా చంపే ముఖ్యమైన రకాల్ని ఈ టీకా ఆపుతుంది. పైగా మీ పాపకి ఇంకా ఒక్క డోసే పడింది. మిగతావి కూడా పడితేనే బలం. అందుకే టీకా వేయించాలి. జబ్బు గుర్తులు కూడా తెలిసి ఉండాలి."

7. తప్పిన తేదీ

వారంలో పాప తేరుకుంది. కోడలు కార్డు తీసి చూసింది. తేదీ దాటి రెండు వారాలు అయింది. ఇక వెయ్యరేమో అనుకుంది. మొదటి నుంచి మళ్లీ పొడుస్తారేమో అని భయపడింది.

నర్సమ్మ నవ్వింది.

"ఆలస్యమైతే టీకా చెడిపోదమ్మా. వేసింది వేసినట్టే ఉంటుంది. మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆగిన చోటు నుంచి వేసుకుంటూ పోవడమే. కానీ ఆలస్యమైన ప్రతి రోజూ పాపకి కాపలా తక్కువ. కాస్త జలుబు ఉన్నా టీకా ఆపక్కర్లేదు. గట్టి జ్వరం, పెద్ద జబ్బు ఉంటే మాత్రం చెప్పండి."

ఆ రోజు రెండో డోసు వేశారు. జూలైలో పాపకి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకాతో పాటు మూడో డోసు కూడా వేశారు. కోడలు కార్డు మీద మూడు గడులూ వేలుతో చూపించి అత్తగారికి చదివి వినిపించింది.

"పి.సి.వి. ఒకటి. పి.సి.వి. రెండు. పి.సి.వి. బూస్టర్. అన్నీ నిండాయి అత్తయ్యా."

"ఆయ్, బాగుంది. ఇక పక్కవీధి పురిటి ఇంటికి పోదాం పద. ఆవిడ కూడా మూడు సూదులేంటి అంటోందట. నేను చెబుతాను" అంది అత్తగారు.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న చెప్పింది. నెమ్ము మాత్రం ప్రతి చలికాలం, ప్రతి వానాకాలం వస్తూనే ఉంది. రేపు ఇంకో కొత్త వైరస్ వచ్చినా మనం ఈ మాట మరవకూడదు. కొత్త జబ్బు వచ్చిందని పాత టీకా మానకూడదు.

గుర్తు పెట్టుకుందాం

నెమ్ము టీకా ఎప్పుడు?
మొదటి డోసు: 6 వారాలకి.
రెండో డోసు: 14 వారాలకి.
మూడో డోసు, అంటే బూస్టర్: 9 నెలలు నిండాక.
మొదటి డోసు ఆలస్యమైతే, బిడ్డకి ఏడాది నిండకముందే నర్సమ్మని అడగండి.

నిమిషానికి ఎన్ని ఊపిర్లు ఉంటే ప్రమాదం?
2 నెలల లోపు బిడ్డకి: 60 గానీ, అంతకంటే ఎక్కువ గానీ.
2 నెలల నుంచి ఏడాది లోపు: 50 గానీ, ఎక్కువ గానీ.
ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు: 40 గానీ, ఎక్కువ గానీ.

ఈ గుర్తులు కనిపిస్తే ఒక్క క్షణం ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి:
డొక్కలు ఎగరెయ్యడం. పాలు తాగలేకపోవడం. తాగిందంతా కక్కెయ్యడం. ఫిట్స్ రావడం. మగతగా పడి ఉండడం. పెదాలు నీలంగా మారడం.

టీకాతో పాటు ఇవి కూడా చేద్దాం:
ఆరు నెలలు తల్లిపాలే ఇద్దాం. పొయ్యి పొగలో బిడ్డని కూర్చోబెట్టవద్దు. బిడ్డ ఉన్న గదిలో చుట్ట, బీడీ కాల్చనివ్వవద్దు. బిడ్డని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుందాం. జలుబు చేసినవాళ్లు మూతికి గుడ్డ కట్టుకుని దగ్గరికి రావాలి. వాతలు పెట్టవద్దు.

పెద్దవాళ్ల మాట:
ముసలివాళ్లకీ, చక్కెర జబ్బు, గుండె జబ్బు, ఊపిరి జబ్బు ఉన్నవాళ్లకీ కూడా న్యుమోకాకస్ టీకా ఉంది. డాక్టరుని అడిగి తెలుసుకోండి.

మాటలు – అర్థాలు

నెమ్ము: న్యుమోనియా, ఊపిరితిత్తుల జబ్బు
మహమ్మారి: దేశదేశాలకీ పాకే జబ్బు
డోసు: ఒకసారి వేసే మందు
బూస్టర్: ముందు వేసిన టీకా బలాన్ని పెంచే డోసు

చెప్పండి – రాయండి

1. కరోనా టీకా వేయించుకుంటే నెమ్ము రాదా? ఎందుకు?
2. అత్తగారు ముందు ఎందుకు వద్దంది? తరవాత ఎందుకు ఒప్పుకుంది?
3. ఆ రాత్రి కోడలి చదువు ఎలా పనికొచ్చింది? అత్తగారి లెక్క ఎలా పనికొచ్చింది?
4. ఖాళీ నింపండి: నెమ్ము టీకా మొదటి డోసు ____ వారాలకి, రెండోది ____ వారాలకి, మూడోది ____ నెలలకి.

లెక్క చేద్దాం

వారానికి 7 రోజులు. ఆరు వారాలకి ఎన్ని రోజులు? పద్నాలుగు వారాలకి ఎన్ని రోజులు? (జవాబు: 42, 98.) మీ వీధిలో ఈ నెల పుట్టిన బిడ్డ ఉందా? ఆ బిడ్డకి 42 రోజులు ఏ తేదీకి నిండుతాయో లెక్కపెట్టండి. ఆ తేదీ ఒక కాగితం మీద రాసి ఆ తల్లికి ఇవ్వండి.